ప్రవాళ ద్వీపాల మర్మమెరిగిన మనీషి - చార్లెస్ డార్విన్

పగడమనగానే మనకు నవరత్నాలు గుర్తుకు వస్తాయి. మన ప్రబంధ కవులు నాయిక పెదవులను పగడాలతో పోల్చినారు. ఉర్దూలో దానినే మూంగా అనీ మర్జాన్ అనీ అంటారు. నగల దుకాణంలో కనిపించే ఆ ఎర్రని పగడానికి దూరపు చుట్టాలైన రాతి పగడాలు వేరే కలవు. వాటిని ఎవరూ ఉంగరంలో పొదగరు. కాని అవి పెద్ద ఓడలను పగులగొట్టగలవు. నడిసముద్రంలో మనుష్యులు నివసించగల దీవులను నిర్మించగలవు. గోరంత ప్రాణులు కొండంత కట్టడాలను అగాధ జలాల మధ్య ఎట్లు నిలిపినవో హేతుబద్ధంగా ఊహించి, పరీక్షించి, లోకానికి చెప్పిన వ్యక్తి చార్లెస్ డార్విన్.

డార్విన్ పేరు వినగానే జీవపరిణామ వాదమూ, దానిని గూర్చిన వాదోపవాదాలూ మనకు స్ఫురిస్తాయి. ఆ చర్చ ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. ఆ గ్రంథం వెలువడటానికి 17 సంవత్సరాల ముందే ఆయన ప్రవాళభిత్తులను గూర్చి ఒక గ్రంథం రచించి, శాస్త్రజ్ఞుల మన్నన పొందినాడు. ఈ సంగతి మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. సాహిత్యం బోధించే నేను శాస్త్రవిషయానికి పూనుకొనటం సాహసమే. విజ్ఞానశాఖ మిత్రులు మన్నింతురు గాక. కంటితో చూడకముందే ఒక సత్యాన్ని ఊహించి, ఆ ఊహను తానే పరీక్షకు నిలిపి, తుది తీర్పు వినకుండానే కన్నుమూసిన మనిషి కథ ఇది. అందువలన ఇది శాస్త్రవిద్యార్థులకు మాత్రమే పరిమితమైనది కాదు.

చార్లెస్ డార్విన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణంలో జన్మించినాడు. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరుమోసిన వైద్యుడు. తల్లి సుసన్నా, పింగాణీ పాత్రల పరిశ్రమకు ప్రసిద్ధి చెందిన వెడ్జ్‌వుడ్ వంశపు ఆడపడుచు. ఎనిమిదేండ్ల వయస్సులోనే ఆ పిల్లవాడు తల్లిని కోల్పోయినాడు. పాఠశాలలో వల్లెవేయించే ప్రాచీన భాషలు అతనికి తలకెక్కలేదు. గులకరాళ్లు, గవ్వలు, పురుగులు పోగుచేయటమే అతని వ్యసనం. వేటమీద, కుక్కలమీద తప్ప దేనిమీదా శ్రద్ధ లేని ఈ కుర్రవాడు వంశానికి తలవంపులు తెచ్చునని తండ్రి ఒకనాడు కఠినంగా మందలించినాడు. ఆ మాట డార్విన్ మనస్సులో వృద్ధాప్యం వరకు నిలిచిపోయినది.

1825లో తండ్రి అతనిని వైద్యవిద్యకై ఎడింబరో పంపినాడు. మత్తుమందులు లేని ఆ రోజులలో శస్త్రచికిత్స చూడలేక డార్విన్ గది విడిచి పారిపోయినాడు. అయితే ఎడింబరో నివాసం పూర్తిగా వ్యర్థం కాలేదు. దక్షిణ అమెరికాలోని గయానా నుండి వచ్చి, బానిసత్వం నుండి విముక్తుడైన జాన్ ఎడ్మన్‌స్టన్ అనే నల్లజాతీయుని వద్ద పక్షుల చర్మాలను భద్రపరచే విద్య నేర్చుకొన్నాడు. రాబర్ట్ గ్రాంట్ అనే విద్వాంసుని వెంట సముద్రతీరం తిరిగి, మొక్కలవలె కనిపించే జలజీవులను సూక్ష్మదర్శినితో పరిశీలించటం అలవరచుకొన్నాడు. 1827లో, పద్దెనిమిదేండ్ల ప్రాయంలో, అట్టి జీవులలో ఒకదానిని గూర్చి విద్యార్థి సంఘంలో ఒక చిన్న ప్రసంగం కూడ చేసినాడు. వైద్యుడు కాలేని యువకునికి సముద్రజీవులతో పరిచయం ఇట్లు ఏర్పడినది.

తరువాత మతగురువును చేయదలచి తండ్రి కేంబ్రిడ్జికి పంపినాడు. అక్కడ వృక్షశాస్త్ర ఆచార్యుడు హెన్‌స్లో అతనిలోని జిజ్ఞాసను గుర్తించినాడు. 1831లో బీగిల్ అనే నౌక దక్షిణ అమెరికా తీరాన్ని కొలుచుటకు బయలుదేరుతుండగా, ప్రకృతి పరిశీలకుడుగా హెన్‌స్లో తన శిష్యుని పేరు సూచించినాడు. తండ్రి వలదన్నాడు. మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్ నచ్చజెప్పిన మీదట అంగీకరించినాడు. ఆ ఒక్క అంగీకారం లేకున్న ఎడల ఈ కథ లేదు. 1831 డిసెంబరు 27వ తేదీన బీగిల్ తెరచాప లేపినది. అప్పటికి డార్విన్ వయస్సు 22 సంవత్సరాలు. సముద్రవ్యాధి అతనిని యాత్ర పొడవునా పీడించినది.

ఇక్కడ రాతి పగడాలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. చెట్టు కొమ్మలవలె చీలి పెరిగే పగడాన్ని చూచి పూర్వులు అది మొక్క అనుకొన్నారు. అది జంతు నిర్మితమని 18వ శతాబ్దంలో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పగా పండితులు వెంటనే నమ్మలేదు. పగడపు కొమ్మపై వేలకొలది సూక్ష్మ ప్రాణులు నివసిస్తాయి. వాటికి పాలిప్‌లని పేరు. ప్రతి పాలిప్ సముద్రజలం నుండి సున్నాన్ని గ్రహించి తన చుట్టూ రాతిగూడు కట్టుకొంటుంది. తరాల తరబడి ఆ గూళ్లు పేరుకొని ప్రవాళభిత్తి అవుతుంది. జింక కొమ్ములవలె శాఖోపశాఖలుగా పెరిగే జాతిని నేడు ఆక్రోపోరా అంటారు. డార్విన్ కాలంలో మాడ్రెపోరా అనేవారు. బండలవలె గుండ్రంగా పెరిగే జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగగా, కొమ్మల పగడాలలో కొన్ని 10 సెంటీమీటర్లకు మించి పెరుగుతాయి. వాటి దేహంలో సూక్ష్మ శైవలాలు కాపురముండి, సూర్యకాంతితో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. కనుకనే ఈ పగడాలకు వెలుతురు, వెచ్చదనం, తేటనీరు కావలెను. బురద, మంచినీరు వాటికి శత్రువులు. కృష్ణా గోదావరులు ఒండ్రును కుమ్మరించే మన తెలుగు తీరంలో ప్రవాళభిత్తులు కట్టుకొనకపోవటానికి ఇదే ముఖ్య కారణం. మన దేశంలో వాటిని చూడగోరువారు లక్షద్వీపాలకో, అండమాన్ దీవులకో, మన్నారు లేక కచ్ సింధుశాఖలకో పోవలసి ఉంటుంది.

ఇక అసలు చిక్కు ఏమనగా, భిత్తులు కట్టే పగడం లోతు నీటిలో బ్రతకదు. కాని పసిఫిక్, హిందూ మహాసముద్రాలలో, అంతులేని లోతుల మధ్య, ఉంగరం ఆకారంలో పగడపు దీవులు వందలకొలది తేలినట్లుగా కనిపిస్తాయి. వీటికే అటోల్ అని పేరు. ఉంగరం వెలుపల కరకు అలలు, లోపల పచ్చని ప్రశాంతమైన మడుగు. లోతులో బ్రతకలేని ప్రాణి లోతు నుండి గోడ ఎట్లు లేపినది? సముద్రంలో మునిగియున్న అగ్నిపర్వతాల నోటి అంచులపై పగడాలు పెరగటం వలన ఈ వలయాలు ఏర్పడినవని ఆనాటి భూగర్భశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన చార్లెస్ లయెల్ సమాధానం చెప్పినాడు. ఆయన గ్రంథాన్ని డార్విన్ నౌకలో భక్తితో చదివినాడు. అయినను మనస్సు సమాధానపడలేదు. మాల్దీవులలో 40 మైళ్లకు మించిన వ్యాసం గల అటోల్ ఉన్నది. అంత పెద్ద అగ్నిపర్వత ముఖం ఎక్కడైనా ఉండునా? అన్ని పర్వతాల నోళ్లూ సరిగ్గా నీటిమట్టం కిందనే ఒకే ఎత్తున ఎట్లు నిలిచినవి?

దీనికి సమాధానం పగడాలు లేని చోట దొరకటం విచిత్రం. 1835 ఫిబ్రవరి 20వ తేదీన చిలీ దేశంలో భయంకరమైన భూకంపం వచ్చినది. డార్విన్ ఆ సమయంలో వల్దీవియా సమీపపు అడవిలో ఉన్నాడు. కొద్ది దినాల తరువాత కన్సెప్సియోన్ నగర శిథిలాలను చూచినాడు. నగరనాశం కంటె మరొక విషయం అతనిని ఎక్కువ ఆలోచింపజేసినది. తీరం కొన్ని అడుగుల మేర పైకి లేచినది. సాంతా మారియా దీవిలో రాళ్లను అంటుకొన్న సముద్రపు ఆలుచిప్పలు నీటిమట్టానికి సుమారు 10 అడుగుల ఎత్తున కుళ్లిపోతూ కనిపించినవి. ఆండీస్ పర్వతాలపై వేల అడుగుల ఎత్తునను సముద్రపు గవ్వల శిలాజాలు అతనికి దొరికినవి. భూమి స్థిరం కాదని పుస్తకంలో చదివిన మాట కంటిముందు రుజువైనది. ఒకచోట నేల లేచుచుండగా మరొకచోట అది అణగిపోతూ ఉండవచ్చు గదా! అణగుతున్న దీవి చుట్టూ పగడం పైపైకి పెరుగుతూ పోయిన యెడల ఏమవుతుంది? ఒక్క ప్రవాళభిత్తిని కూడ సరిగా చూడకముందే, దక్షిణ అమెరికా పశ్చిమ తీరంలో, డార్విన్ మనస్సులో సిద్ధాంతం రూపుకట్టినది.

దానిని మనం ఇంటిలోనే చూడవచ్చు. ఒక లోతైన పళ్లెంలో బంకమట్టితో చిన్న కొండ కట్టి కొద్దిగా నీరు పోయండి. నీటి అంచున కొండ చుట్టూ గులకరాళ్లు పేర్చండి. దీవి ఒడ్డును అంటి ఉండే భిత్తి ఇదే. ఇప్పుడు నీరు కొంచెం కొంచెంగా పోస్తూ, రాళ్లపైననే రాళ్లు నిలువుగా పేర్చుతూ రండి. కొండ చిన్నదై, రాళ్ల వరుసకు కొండకు నడుమ నీరు చేరుతుంది. ఇది తీరానికి దూరంగా నిలిచే అవరోధ భిత్తి. చివరకు కొండ శిఖరం కూడ మునిగిపోయి రాళ్ల వలయం మాత్రమే మిగులుతుంది. అదే అటోల్. మన పళ్లెంలో నీరు పెరిగినది. సముద్రంలో కొండ అణగినది. అంతే భేదం. పండితులు మూడు వేర్వేరు వస్తువులనుకొన్న వాటిని డార్విన్ ఒకే జీవితంలోని బాల్య, యౌవన, వార్ధక్యాలుగా దర్శించినాడు.

ఊహ ఎంత సుందరమైనా సాక్ష్యం కావలెను. 1835 నవంబరులో బీగిల్ తాహితీ దీవి చేరినది. డార్విన్ కొండ ఎక్కి, ఎదురుగా ఉన్న మొరియా దీవిని చూచినాడు. నిటారైన కొండలు, వాటి చుట్టూ నిశ్చలమైన నీరు, దానికి ఆవల తెల్లని నురుగు వలయం. ఆ కొండలను ఊహలో తొలగించి చూచిన ఎడల మిగిలేది అటోల్ గాక మరేమి? తాహితీ నుండి న్యూజీలాండ్ పోవు దారిలోనే అతడు తన సిద్ధాంతాన్ని కాగితంపై పెట్టినాడు.

1836 ఏప్రిల్ మొదటి తేదీన నౌక హిందూ మహాసముద్రంలోని కోకోస్ లేక కీలింగ్ దీవులను చేరినది. అటోల్‌పై డార్విన్ కాలుపెట్టి పరిశీలించినది ఇక్కడనే. పోటు తగ్గిన వేళ పొడవాటి కర్ర ఊతగా గుంతలు దాటుతూ అతడు అలలు విరిగే అంచు వరకు నడిచినాడు. ఏ పగడం ఎక్కడ పెరుగునో జాగ్రత్తగా వ్రాసికొన్నాడు. అలల తాకిడికి ఎదురొడ్డి నిలిచే వెలుపలి అంచున గుండ్రని బండలవంటి పోరైటిస్, దళసరి పలకలవంటి మిల్లెపోరా కనిపించినవి. మిల్లెపోరా నిజమైన రాతి పగడం కాదనీ, దాని బంధువనీ నేటి వర్గీకరణ. తాకితే చర్మం మండునని డార్విన్ అప్పుడే గమనించినాడు. అల చొరని లోపలి మడుగులో సన్నని కొమ్మల పగడాలు సుకుమారంగా వ్యాపించి ఉన్నవి. బలమైన అలలు పగడానికి హాని చేయుననుకొంటాము. కాని భిత్తిని కట్టే దృఢమైన జాతులు ఆ అలలలోనే వర్ధిల్లునని అతడు గ్రహించినాడు.

బ్రతికిన పగడం ఎంత లోతు వరకు ఉండునో తెలుసుకొనుటకు కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ సీసపు గుండు అడుగున కొవ్వు పూసి సముద్రంలోకి దించినాడు. 10 బారల లోతు వరకు కొవ్వుపై జీవించియున్న పగడాల ముద్రలు పడినవి. ఇంకా దిగిన కొలది ముద్రలు తగ్గి ఇసుక హెచ్చినది. 20 బారలు దాటిన పిమ్మట అంతా ఇసుకయే. మరొకచోట, ఒడ్డుకు 2,200 గజాల దూరంలో, 7,200 అడుగుల తాడు వదలినను నేల అందలేదు. అనగా ఆ దీవి సముద్రగర్భం నుండి నిటారుగా లేచిన మహాపర్వతం. ప్రాణమున్న పగడం దాని కిరీటంలో పైపొర మాత్రమే. మిగిలినదంతా ఏమిటి? కొండయా, పూర్వపు పగడాల సమాధియా? ఈ ప్రశ్నకు ఆనాడు ఎవరూ గుండు దించి జవాబు తీయలేకపోయినారు.

1836 అక్టోబరులో బీగిల్ ఇంగ్లండు చేరినది. డార్విన్ సిద్ధాంతం వినిన లయెల్ తన అగ్నిపర్వత వాదాన్ని విడిచిపెట్టినాడు. గురుస్థానంలో ఉన్న పెద్ద ఒక యువకుని మాటకు తన మాటను సంతోషంతో వదులుకొనటం ఎంతటి ఔన్నత్యమో విద్యార్థులే కాదు, అధ్యాపకులమైన మేమును గ్రహించవలెను. 1837 మే 31న లండనులోని భూగర్భశాస్త్ర సంఘంలో డార్విన్ తన వ్యాసం చదివినాడు. 1839లో మేనమామ కుమార్తె ఎమ్మాను వివాహమాడినాడు. అప్పటికే అనారోగ్యం అతనిని పట్టినది. అది జీవితాంతం విడువలేదు. జబ్బు పడుతూ లేస్తూ, పసిఫిక్ దీవులను గూర్చి దొరికిన ప్రతి యాత్రాగ్రంథాన్నీ, పటాన్నీ శోధించినాడు. మాల్దీవులను, ఛాగోస్ దీవులను కొలిచిన ఈస్టిండియా కంపెనీ నౌకాదళపు కెప్టెన్ మోర్స్‌బీ వద్దనుండి కూడ సమాచారం సేకరించినాడు. 1842లో ప్రవాళభిత్తుల నిర్మాణాన్ని, వ్యాప్తిని వివరించే గ్రంథం వెలువడినది. చిన్న పుస్తకమే అయినను దానికి 20 నెలల కఠిన శ్రమ పట్టినదని ఆయన తరువాత చెప్పుకొన్నాడు.

ఆయన జీవితంలో ఒక ఓటమిని కూడ చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం. పగడాల విషయంలో విజయం పొందిన ఉత్సాహంతో డార్విన్ 1838లో స్కాట్లండులోని గ్లెన్ రాయ్ లోయకు వెళ్లినాడు. కొండ వాలుపై సమాంతరంగా కనిపించే మెట్లు ఒకప్పటి సముద్రతీరాలనీ, నేల లేచినందున అవి పైన నిలిచినవనీ వ్యాసం ప్రకటించినాడు. అది తప్పు. హిమానీనదం అడ్డుకట్ట వేయగా ఏర్పడిన సరస్సు అంచులవి అని లూయీ అగాసీ చూపినాడు. డార్విన్ చాలకాలం పెనుగులాడి చివరకు తన పొరపాటును ఒప్పుకొని సిగ్గుపడినాడు. ఒకే మనిషి, ఒకే విధమైన ఆలోచన. ఒకచోట సత్యం, మరొకచోట భ్రమ. ఊహ తనంతట తాను సత్యం కాజాలదని ఆయనకు తెలిసివచ్చినది.

ప్రవాళ సిద్ధాంతానికి మొదట గొప్ప మద్దతు లభించినది. అమెరికా నౌకాయాత్రలో పాల్గొన్న జేమ్స్ డ్వైట్ డేనా స్వయంగా అనేక దీవులను చూచి దానిని సమర్థించినాడు. కాని 1880లో, చాలెంజర్ నౌకాయాత్రలో పాల్గొన్న జాన్ మర్రీ వేరొక వాదం లేవదీసినాడు. నేల అణగవలసిన పని లేదనీ, సముద్రంలోని చిన్న జీవుల కళేబరాలు గుట్టలపై పేరుకొని ఎత్తు పెరుగగా వాటిపై పగడాలు మొలిచినవనీ ఆయన మతం. అలెగ్జాండర్ అగాసీ కూడ డార్విన్ సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. గ్లెన్ రాయ్ విషయంలో డార్విన్‌ను సరిదిద్దిన లూయీ అగాసీ కుమారుడే ఇతడు! వృద్ధుడైన డార్విన్ కోపగించలేదు. తాను పొరబడి ఉంటే తన సిద్ధాంతం ఎంత త్వరగా కూలిపోతే అంత మేలని 1881లో అగాసీకి ఉత్తరం వ్రాసినాడు. ఎవరైనా మహా ధనవంతుడు అటోల్‌లో 500, 600 అడుగుల లోతు రంధ్రం తవ్వించి ఆ రాతిని తెప్పించిన బాగుండునని అందులో కోరినాడు.

ఆ కోరిక తీరకుండానే 1882 ఏప్రిల్ 19వ తేదీన డౌన్ గ్రామంలోని స్వగృహంలో డార్విన్ మరణించినాడు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో ఆయనను సమాధి చేసినారు. ఆయన చివరి గ్రంథం, 1881లో వెలువడినది, వానపాములు నేలను తయారుచేసే తీరును గూర్చినది. పగడాలతో మొదలుపెట్టి వానపాములతో ముగించినాడు. అల్పప్రాణులు నిదానంగా చేసే పని ఎంత గొప్పదో చెప్పటమే ఆ రెండింటి సారాంశం.

రంధ్రం తవ్వే పనికి 1896 నుండి 1898 వరకు లండను రాయల్ సొసైటీ పూనుకొన్నది. పసిఫిక్‌లోని ఫునాఫుతి అటోల్‌లో 1,114 అడుగుల లోతుకు పోయినను అడుగు శిల తగలలేదు. అంతా పగడపు సున్నపురాయియే. ఆ రాతిని ఇరుపక్షాలవారూ తమకు అనుకూలంగా చెప్పుకొన్నారు. తుదకు 1952లో మార్షల్ దీవులలోని ఎనివెటాక్ అటోల్‌లో అమెరికనులు 4,000 అడుగులకు పైగా తవ్వగా, సున్నపురాతి కింద అగ్నిపర్వత శిల తగిలినది. పైనున్న సున్నపురాతిలో లోతులేని నీటిలో మాత్రమే బ్రతికే జీవుల అవశేషాలు అడుగు వరకు కలవు. అనగా కొన్ని కోట్ల సంవత్సరాలుగా కొండ అణగుతూ, పగడం పెరుగుతూ వచ్చినది. డార్విన్ మరణించిన 70 సంవత్సరాలకు తీర్పు వచ్చినది. విచారకరమేమనగా, అదే అటోల్‌లో అదే సంవత్సరం నవంబరులో హైడ్రోజన్ బాంబు పరీక్ష జరిగి ఒక చిన్న దీవి రూపుమాసినది. కోట్ల ఏండ్లు పగడాలు కట్టినదానిని మనిషి క్షణంలో చెరిపివేసినాడు.

తరువాతి శాస్త్రజ్ఞులు డార్విన్ చెప్పినదానికి మరికొన్ని విషయాలు చేర్చినారు. హిమయుగాలలో సముద్రమట్టం 100 మీటర్లకు మించి తగ్గి మరల పెరుగుటయు, బయటపడిన సున్నపురాతిని వాననీరు కరిగించుటయు నేటి అటోల్ రూపానికి కారణాలలో చేరినవి. అన్ని భిత్తులకూ ఒకే చరిత్ర లేదని కూడ తేలినది. పగడంలో నివసించే శైవలాల సంగతి డార్విన్‌కు తెలియదు. పగడం లోతున బ్రతకదని తెలిసినను, వెలుతురే అందుకు కారణమని ఆయన ఎరుగడు. సముద్రజలం మితిమీరి వేడెక్కినపుడు ఆ శైవలాలు పగడాన్ని విడిచిపోగా అది తెల్లబారి, ఆ స్థితి చాలకాలముంటే చనిపోతుంది. 1998లోను, 2010లోను, 2014 నుండి 2017 వరకును ఇట్టి ఉపద్రవాలు ప్రపంచవ్యాప్తంగా సంభవించినవి. 1998లో మన లక్షద్వీపాలు కూడ దీనికి గురియైనవి. వీటిలో మొదట దెబ్బతినేవి తరచుగా త్వరగా పెరిగే ఆ కొమ్మల పగడాలే. నేల ఎంత నెమ్మదిగా అణగినను పగడం దానితో సమంగా పెరిగి బ్రతికినది. మనం తెచ్చిపెట్టిన ఈ వేడితో సమంగా అది పరుగెత్తగలదా అన్నదే నేటి ప్రశ్న.

విద్యార్థి మిత్రులారా! తండ్రి చేత పనికిరానివాడనిపించుకొన్న ఒక కుర్రవాడు, వైద్యంలో నిలువలేక, మతగురువు కాలేక, తనకు ప్రీతికరమైన గవ్వలను, పురుగులను మాత్రం విడువలేదు. పెద్దల మాటను గౌరవిస్తూనే సందేహించినాడు. తన మాటను మరింత గట్టిగా సందేహించినాడు. పరీక్ష ఫలితాలకై నెలరోజులు ఆగలేని మనం, తన పరీక్షా ఫలితం తన తరువాతనే వెలువడినను కలత చెందని ఆ మనిషిని ఒక్కసారి స్మరించుకొందాము. పాలిప్ తాను కట్టే దీవిని ఎన్నడూ చూడదు. అయినను తన గూడు తాను కట్టి, తరువాతి ప్రాణికి పునాదిగా విడిచి పోతుంది. విద్య కూడ అట్టిదే.